పింఛను: దయ, హక్కు, ఖాతా

పింఛను అనే మాట వినగానే మన మనసులో మెదిలేది డబ్బు. ఎంత వస్తుంది, ఏ తేదీన వస్తుంది, ఎవరెవరికి వస్తుంది అనే ప్రశ్నలే ముందుకు వస్తాయి. ఇవి అవసరమైన ప్రశ్నలే. కాని వీటి వెనుక మరొక ప్రశ్న దాగి ఉన్నది. ముసలితనంలో ప్రభుత్వం తన చేతిలో పెట్టే రొక్కాన్ని మనిషి ఏమని భావించి అందుకోవాలి? దానమనా, చేసిన పనికి రావలసిన జీతంలో మిగిలిన భాగమనా, లేక తాను దాచుకున్న సొమ్మనా? ఈ మూడింటిలో ఏది నిజమో దానినిబట్టే ప్రభుత్వం ఎదుట ఆ మనిషి నిలబడే తీరు కూడా మారుతుంది. దానం పుచ్చుకునేవాడు తల వంచుతాడు. హక్కుగా అందుకునేవాడు ప్రశ్నిస్తాడు. తన ఖాతాలోని సొమ్ము తీసుకునేవాడు ఎవరికీ కృతజ్ఞుడు కానక్కరలేదు. కాని నష్టం వస్తే అడగటానికి అతనికి ఎదురుగా ఎవరూ ఉండరు.

విషయం తేలికగా బోధపడటానికి చిత్తూరు ప్రాంతంలోని ఒక ముస్లిం కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటి పెద్ద ఉర్దూ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ప్రతి నెలా ట్రెజరీ నుండి ఆయనకు పింఛను వస్తుంది. ఆయన కుమారుడూ ఉపాధ్యాయుడే. అయితే 2008లో ఉద్యోగంలో చేరినందువల్ల అతని జీతం నుండి నెలనెలా పదోవంతు కోసి ఒక ఖాతాలో జమచేస్తున్నారు. అల్లుడు తిరుపతిలో ఆర్టీసీ బస్సు డ్రైవరు. అతనికి రావలసినది భవిష్యనిధి సంస్థ ఇచ్చే పింఛను. భర్త పోయిన మేనత్త ఏనాడూ ఉద్యోగం చేయలేదు. ఆమెకు నెల మొదట్లో ఇంటి వద్దకే సామాజిక పింఛను తెచ్చి ఇస్తారు. ఒకే ఇంటి కప్పు క్రింద నాలుగు పింఛన్లు. అన్నింటికీ పేరు ఒకటే. కాని ఆ నలుగురికీ ప్రభుత్వంతో ఉన్న సంబంధం ఒకటి కాదు. ఈ తేడా ఎలా వచ్చినదో, దానివల్ల మనకు కలిగే మేలు కీడులేమిటో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

దయగా ఇచ్చిన కాలం

మన ప్రాంతంలో ఒకనాడు పింఛను అంటే ఏమిటో తెలియాలంటే ఓడిపోయిన ప్రభువుల ఇళ్ల వైపు చూడాలి. 1799లో శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాన్ అమరుడైన తరువాత, ఈస్టిండియా కంపెనీ ఆయన కుమారులను, పరివారాన్ని చిత్తూరుకు సమీపంలోనే ఉన్న వేలూరు కోటకు తరలించింది. వారికి భరణంగా పెద్ద మొత్తాలే కేటాయించింది. కాని వారు కోట దాటి స్వేచ్ఛగా పోవటానికి లేదు. 1806 జూలైలో వేలూరు కోటలో సిపాయిలు తిరుగుబాటు చేయగానే ఆ కుటుంబాన్ని అక్కడి నుండి దూరంగా కలకత్తాకు పంపివేశారు. అనగా ఆ పింఛను వారి సేవకు ప్రతిఫలం కాదు, మౌనానికి వెల.

ఆర్కాటు నవాబుల కథ కూడా ఇటువంటిదే. నేటి చిత్తూరు జిల్లాలో చాలా భాగం ఒకప్పుడు వారి ఏలుబడిలోనిదే. ఆ తరువాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండి, 1911లో ప్రత్యేక జిల్లా అయినది. 1801 ఒడంబడికతో కర్ణాటక పరిపాలన యావత్తూ కంపెనీ చేతికి పోయి, నవాబుకు బిరుదు, భరణం మిగిలినవి. 1855లో నవాబు సంతానం లేకుండా మరణించగా ఆ బిరుదును కూడా కంపెనీ రద్దు చేసింది. తరువాతి దశాబ్దంలో ఆ వంశీయునికి ‘ప్రిన్స్ ఆఫ్ ఆర్కాట్’ అనే కొత్త బిరుదును, రాజకీయ పింఛనును ఇచ్చారు. ఇచ్చేవాడే బిరుదును తీసివేయగలడు, మరల వేరొక పేరుతో ఇవ్వగలడు. పుచ్చుకునేవానికి ఏ దశలోనూ నిర్ణయం లేదు.

ఈ భావనకే 1871 నాటి పింఛన్ల చట్టం అక్షరరూపం ఇచ్చినది. ప్రభుత్వం ఇచ్చే పింఛను విషయమై సివిల్ కోర్టులు దావాలు స్వీకరించరాదని ఆ చట్టం నాలుగవ సెక్షను ఆంక్ష పెట్టింది. అదే చట్టం పదకొండవ సెక్షనులో అప్పులవాళ్లు పింఛనును జప్తు చేయరాదని కూడా రక్షణ కల్పించింది. ఇతరుల నుండి రక్షణ ఉన్నది. ఇచ్చే ప్రభుత్వం మీద మాత్రం ఫిర్యాదు లేదు. ప్రభువుకూ ప్రజకూ నడుమ ఉండే దయా సంబంధమంటే ఇదే.

హజ్రత్ ఉమర్ (రజి) దివాను

దీనికి పూర్తిగా భిన్నమైన భావన ఇస్లామీయ చరిత్రలో చాలా ముందుగానే కనిపిస్తుంది. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) తన పరిపాలనా కాలంలో దివాను అనే పట్టికను ఏర్పరచి, బైతుల్ మాల్ (ప్రభుత్వ ధనాగారం) నుండి ఎవరెవరికి ఎంత భృతి చెల్లాలో పేరుపేరునా వ్రాయించారు. ఇది నేటి పింఛను పథకానికి నకలు కాదు. ఆనాటి రాబడి వేరు, సమాజం వేరు. అయినా ఆ కాలం నుండి మనం గ్రహించవలసిన సంగతులు మూడున్నాయి.

మొదటిది: బైతుల్ మాల్ పాలకుని సొంత ధనం కాదని, ప్రజల అమానతు అని గుర్తించటం. పట్టికలో పేరున్నవాడు పాలకుని దర్శనం చేసుకొని పొగడనక్కరలేదు.

రెండవది: ఇమామ్ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో పేర్కొన్న వృత్తాంతం. వీధిలో యాచిస్తున్న ఒక వృద్ధ యూదుణ్ణి హజ్రత్ ఉమర్ (రజి) చూసి కారణమడిగారు. జిజియా పన్ను, పేదరికం, ముసలితనం అని అతడు చెప్పాడు. ఖలీఫా అతణ్ణి తన ఇంటికి తీసుకువెళ్లి చేతనైనంత ఇచ్చి, అతనికి, అతనివంటి వారికి పన్ను మాఫీచేసి, బైతుల్ మాల్ నుండి పోషించవలసినదిగా కోశాధికారికి ఆజ్ఞాపించారు. వయసులో ఉన్నప్పుడు పన్ను రాబట్టుకొని, ముసలితనంలో వీధిన వదిలివేయటం న్యాయం కాదన్నది ఆయన చెప్పిన కారణం. ఆ వృద్ధుడు ముస్లిం కాడన్న సంగతి ఇక్కడ గమనించాలి. పౌరుడు కట్టిన పన్నుకూ అతని వృద్ధాప్యానికీ మధ్య ఒక బాధ్యత ఉన్నదని ఒక పాలకుడు స్వయంగా ఒప్పుకోవటమే ఇందులోని విశేషం.

మూడవది: పాలు మాన్పించిన శిశువులకే భృతి ఇవ్వాలని మొదట నియమం ఉండేది. ఒక రాత్రి ఏడుస్తున్న బిడ్డను చూసి ఖలీఫా విచారించగా, భృతి త్వరగా రావాలని తల్లి గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నదని తేలింది. ఆయన బాధపడి, బిడ్డ పుట్టినప్పటి నుండే భృతి ఇవ్వాలని నియమం మార్చారని చరిత్రకారులు వ్రాశారు. కార్యాలయంలో వ్రాసిన ఒక చిన్న షరతు ఎక్కడో ఒక ఇంటిలో తల్లి నడవడిని కూడా మార్చివేస్తుంది. పింఛను సంస్కరణలను గురించి ఆలోచించే ప్రతివారూ గుర్తుంచుకోదగిన విషయమిది.

దయ నుండి హక్కుకు

మన దేశంలో పింఛను దయ నుండి హక్కుగా మారటానికి 1871 చట్టం తరువాత సరిగ్గా వంద సంవత్సరాలు పట్టింది. బీహారు విద్యాశాఖలో పనిచేసి విరమించిన దేవకీనందన్ ప్రసాద్ అనే ఉద్యోగి తన పింఛను కోసం సుప్రీంకోర్టుకు వెళ్లగా 1971లో తీర్పు వచ్చింది. పింఛను ప్రభుత్వం ఇష్టాయిష్టాలను బట్టి ఇచ్చే బహుమతి కాదు, నిబంధనల నుండి పుట్టిన హక్కు, అది అతని ఆస్తి అని న్యాయస్థానం చెప్పింది. 1871 చట్టంలోని ఆంక్ష ఈ హక్కును అమలుపరచటానికి అడ్డురాదని కూడా స్పష్టం చేసింది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరొక అడుగు ముందుకు వేసింది. 1979 మార్చి 31 అనే ఒక తేదీని గీతగా గీసి, ఆ తరువాత విరమించినవారికే మెరుగైన పింఛను లెక్క వర్తిస్తుందన్న ప్రభుత్వ నిర్ణయాన్ని అది కొట్టివేసింది. ఒకే తరగతికి చెందిన పింఛనుదారులను ఒక తేదీతో రెండుగా చీల్చటం సమానత్వానికి విరుద్ధమన్నది. పింఛను అంటే గతంలో చేసిన సేవకు చెల్లింపే కాక, శరీరం ఉడిగినప్పుడు గౌరవంగా బ్రతకటానికి సమాజం చేసే ఏర్పాటు అని కూడా వివరించింది. ఆ రోజునే పింఛనుదారులు దేశమంతటా తమ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

మన రాష్ట్రంలో 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలు ఈ హక్కుకు రూపమిచ్చాయి. పూర్తి సర్వీసు చేసినవానికి చివరి జీతంలో సగం పింఛను. దానిపై ధరలను బట్టి పెరిగే కరువు భత్యం. అతని తరువాత భార్యకు కుటుంబ పింఛను. ఉద్యోగి దీనికోసం జీతంలో ఏమీ కట్టనక్కరలేదు. మనం ఊహించుకున్న ఇంటి పెద్దది ఈ పింఛనే. ఆయన తన బాకీదారు ఎవరో తెలిసిన మనిషి. పింఛను ఆగితే ట్రెజరీకి వెళ్తాడు, అక్కడ పని కాకపోతే కోర్టుకు వెళ్తాడు.

హక్కు నుండి ఖాతాకు

2004లో గాలి మారింది. ఆ సంవత్సరం జనవరి 1 తరువాత చేరిన కేంద్రోద్యోగులకు (సైనికులు మినహా) పాత పింఛను లేదని కేంద్రం నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబరు 1 నుండి చేరేవారికి కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమును, అనగా వాడుకలో సీపీఎస్‌ను ప్రవేశపెట్టింది. మన పొరుగు తమిళనాడు అంతకు ముందే 2003 ఏప్రిల్ 1 నుండి ఇటువంటి మార్పు చేసింది.

ఇందుకు ప్రభుత్వాలు చెప్పిన కారణాన్ని తేలికగా కొట్టివేయలేము. పాత పద్ధతిలో నిధి అంటూ ఏదీ లేదు. ఈనాటి పన్నుల నుండే ఈనాటి పింఛన్లు చెల్లించాలి. మనిషి ఆయుర్దాయం పెరిగింది. విరమించినవారి సంఖ్య పెరిగేకొద్దీ ఆసుపత్రికి, పాఠశాలకు, కాలువకు మిగిలేది తగ్గుతుంది. పైగా ఆ పన్ను కట్టేవారిలో అధికులకు ఏ ఉద్యోగ పింఛనూ లేదు. మదనపల్లె సంతలో టమాటా గంపలెత్తే కూలీ, నగరి మగ్గం మీద పనిచేసే నేతగాడు కొనే ప్రతి వస్తువు మీదా పన్ను కడుతున్నారు. వారి పన్నుతో ఒక తరగతికి మాత్రమే నిశ్చింత కల్పించటం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న సరియైనదే.

ఇక కొత్త పద్ధతి ఇట్లా నడుస్తుంది. ఉద్యోగి మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో పది శాతం కోస్తారు. రాష్ట్ర ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. (కేంద్రం తన వాటాను 2019 ఏప్రిల్ నుండి 14 శాతానికి పెంచింది.) ఆ సొమ్మును ఫండ్ మేనేజర్లు అధిక భాగం ప్రభుత్వ బాండ్లలో, రుణపత్రాలలో, కొంత షేర్లలో పెడతారు. ఉద్యోగికి ఒక శాశ్వత ఖాతా సంఖ్య ఉంటుంది. విరమించేనాటికి పోగైన దానిలో 60 శాతం వరకు చేతికిస్తారు. కనీసం 40 శాతంతో ఒక బీమా కంపెనీ వద్ద యాన్యుటీ, అనగా నెలవారీ భరణం కొనుక్కోవాలి. ఈ ఏర్పాటును పర్యవేక్షించే సంస్థకు 2013లో చేసిన చట్టం అధికారాలిచ్చింది.

ఒక లెక్క వేసి చూద్దాం. విరమించేనాటికి ఉద్యోగి మూల వేతనం 60,000 రూపాయలు అనుకుందాం. పాత పద్ధతిలో పింఛను 30,000, దానిపై కరువు భత్యం. కొత్త పద్ధతిలో అతని ఖాతాలో 30 లక్షలు పోగైనదనుకుందాం. 40 శాతం, అనగా 12 లక్షలతో యాన్యుటీ కొంటే, ఆరు శాతం చొప్పున ఏటా 72,000, నెలకు 6,000 వస్తుంది. మిగిలిన 18 లక్షలు చేతిలో ఉంటాయి. వాటినీ అదే రేటుకు ఎక్కడైనా పెడితే నెలకు 9,000. రెండూ కలిపినా 15,000. ధరలు పెరిగినా అది పెరగదు. ఖాతాలో సొమ్ము ఎక్కువ ఉంటే ఈ లెక్క మెరుగవుతుంది, తక్కువ ఉంటే దిగజారుతుంది. పాత పద్ధతిలో లేని మేలు ఒకటి ఇందులో ఉన్నది: ఆ 18 లక్షలు అతని సొంతం.

అయితే మొత్తం ఎంత అన్నదానికన్నా ముఖ్యమైనది, అనిశ్చయం ఎవరి భుజం మీద పడినదన్నది. పాత పద్ధతిలో ఉద్యోగి ఎంతకాలం బ్రతికినా, ధరలెంత పెరిగినా, బజారు ఎంత పడిపోయినా ఆ భారం ప్రభుత్వానిదే. కొత్త పద్ధతిలో ప్రభుత్వం తన వాటా కట్టిన నాడే బాధ్యత తీరిపోతుంది; అటు తరువాతి భయమంతా ఉద్యోగిదే. ప్రభుత్వం అతనికి ఇకపై యజమాని మాత్రమే, హామీదారు కాదు. ఆ వాటా కూడా సకాలంలో జమకావటం లేదని ఉద్యోగ సంఘాలు పలుమార్లు ఫిర్యాదు చేశాయి. పొదుపులో ఆలస్యమైన ప్రతి నెలా ముసలితనం నుండి తీసివేసినదే.

ఇంకొక చిక్కు ఆ తేదీ. నకారా తీర్పు పింఛనుదారులను తేదీతో చీల్చటాన్ని కాదన్నది గాని, కొత్తగా చేరేవారికి వేరే పథకం పెట్టటాన్ని ఆపలేదు. అయితే 2003 డీఎస్సీ ప్రకటనకు దరఖాస్తు చేసి ఎంపికైన ఉపాధ్యాయుల చేతికి నియామక పత్రాలు ఆ తేదీ దాటిన తరువాతే వచ్చాయి. దరఖాస్తు చేసేనాటికి ఉన్న వాగ్దానం చేరేనాటికి లేదు. ఇటువంటి సందర్భంలో ఉన్న కేంద్రోద్యోగులకు 2023 మార్చి 3 నాటి ఉత్తర్వు పాత పింఛనును ఎంచుకొనే అవకాశమిచ్చింది. తమకూ అదే న్యాయం కావాలన్నది ఈ ఉపాధ్యాయుల కోరిక.

మనకు ప్రత్యేకంగా ఎదురైన ప్రశ్నలు

ఈ మార్పువల్ల ముస్లిం ఉద్యోగికి పూర్వం లేని కొన్ని ధార్మిక ప్రశ్నలు తలెత్తాయి. పాత పింఛను తీసుకొనే తండ్రికి వడ్డీ (రిబా) చింత లేదు. అది సేవకు ప్రతిఫలం. కుమారుని సొమ్ము మాత్రం బాండ్లలో, రుణపత్రాలలో పెరుగుతున్నది. పైన మనం వేసిన లెక్కలోని 18 లక్షల మీద నెలకు 9,000 కూడా వడ్డీయే. వడ్డీని వర్జించే మనిషికి ఆ లెక్క 6,000 దగ్గరే ఆగిపోతుంది. ఆ 6,000 సంగతి కూడా, యాన్యుటీ స్వభావం దృష్ట్యా, ఆలోచించవలసినదే.

నిర్బంధ భవిష్యనిధి విషయంలో పలువురు ధర్మవేత్తలు ఒక వివరణ ఇచ్చియున్నారు. ఉద్యోగి చేతికి రాకముందే, అతని ఇష్టంతో నిమిత్తం లేకుండా కోసిన సొమ్ము ఇంకా అతని స్వాధీనంలోనికి వచ్చినట్లు కాదు గనుక, దానిపై యజమాని కలిపి ఇచ్చేది రిబా నిర్వచనంలోనికి రాదని, అట్టి నిధిపై జకాతు చేతికందిన తరువాతనే వర్తిస్తుందని వారి అభిప్రాయం. కాని ఇష్టపూర్వకంగా అదనంగా కట్టే సొమ్ముకు ఈ వివరణ సరిపోదని వారే చెప్పారు. సీపీఎస్‌లో సొమ్ము ఉద్యోగి పేరుతో వేరే ఖాతాలో ఉంటుంది, ఫండ్ మేనేజర్ల చేతిలో పెరుగుతుంది, యాన్యుటీ కొనటమూ తప్పనిసరి. పాత వివరణ దీనికి ఎంతవరకు వర్తిస్తుందో, ఉద్యోగి మరణిస్తే ఆ సొమ్ము నామినీకే చెందుతుందో, వారసులందరికీ షరీఅత్ ప్రకారం పంచాలో ముఫ్తీలను అడిగి తెలుసుకోవాలి. వారికి కూడా పథకం వివరాలన్నీ స్పష్టంగా చెప్పి అడగాలి.

ఇక్కడ మనం గమనించవలసినది ఏమిటంటే, ప్రభుత్వం హక్కును ఖాతాగా మార్చినప్పుడు ఆర్థిక భారంతోపాటు నైతిక భారాన్ని కూడా పౌరుని మీదికి నెట్టినట్లయినది. తన ముసలితనపు సొమ్ము ఎక్కడ పెట్టారో, అది ధర్మసమ్మతమో కాదో అతడే విచారించుకోవాలి. కాని అందులో నుండి బయటికి వచ్చే స్వేచ్ఛ అతనికి లేదు.

మరల వాగ్దానం వైపు

ఇరవై సంవత్సరాల అనుభవం తరువాత ప్రభుత్వాలే వెనుతిరిగి చూడటం మొదలుపెట్టాయి. 2022లో రాజస్థాన్ పాత పింఛనును పునరుద్ధరిస్తామని ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ అదే బాట పట్టాయి. ఖాతాలలో అప్పటికే చేరిన సొమ్మును రాష్ట్రాలకు తిరిగి ఇవ్వటానికి వీలులేదని కేంద్రం చెప్పటంతో చిక్కు వచ్చింది. పశ్చిమ బెంగాల్ మాత్రం మొదటి నుండీ పాత పద్ధతినే ఉంచుకొన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎస్ రద్దు 2019 ఎన్నికల వాగ్దానాలలో ఒకటి. రద్దు జరగలేదు. దానికి బదులు 2023 సెప్టెంబరులో శాసనసభ గ్యారంటీ పెన్షన్ బిల్లును ఆమోదించింది. ఉద్యోగి పది శాతం కడుతూనే ఉంటాడు. యాన్యుటీ ద్వారా వచ్చేది చివరి మూల వేతనంలో సగానికి తక్కువైతే ఆ తరుగును ప్రభుత్వం పూరిస్తుంది. ఉద్యోగ సంఘాలలో అనేకం దీనిని వ్యతిరేకించాయి. కేంద్రం కూడా 2025 ఏప్రిల్ 1 నుండి యూనిఫైడ్ పెన్షన్ స్కీమును తెచ్చింది. 25 సంవత్సరాలు పనిచేసిన కేంద్రోద్యోగి దీనిని ఎంచుకుంటే చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం, పది సంవత్సరాలు చేసినవానికి కనీసం 10,000 హామీగా వస్తుంది. తిరుపతిలోని రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ ఎంపిక వర్తిస్తుంది. ఖాతా ఉన్నది, హామీ కూడా ఉన్నది. అనిశ్చయంలో కొంత భాగాన్ని ప్రభుత్వం మరల తన భుజాన వేసుకొన్నది.

మనం చెప్పుకున్న బస్సు డ్రైవరు సంగతి మరొక విధం. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వంలో విలీనమయ్యారు. అప్పటి వరకు వారికి ఉన్నది 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పింఛను పథకం. ఆ పథకంలో 2014 సెప్టెంబరు నుండి జీతంలో 15,000 రూపాయలనే లెక్కలోనికి తీసుకుంటారు. అదే నెలలో కనీస పింఛను 1,000గా నిర్ణయమైనది. ప్రభుత్వోద్యోగి అన్న పేరు వచ్చింది. పాత పింఛను హక్కు మాత్రం దానితోపాటు రాలేదు.

కానుకా? భరోసానా?

ఇక ఏ ఉద్యోగమూ చేయని మేనత్త పింఛను. 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు 75 రూపాయలతో ఆరంభించింది. తరువాత కేంద్రం వాటా 200 అయినది. ఎనభై దాటినవారికి 500. ఆ అంకెలు ఏళ్ల తరబడి కదలలేదు. భారం రాష్ట్రాల మీదికి వచ్చింది. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో 200 నుండి 1,000కి, 2019 జనవరిలో 2,000కి పెరిగింది. ఆపై మెట్లు మెట్లుగా 2024 జనవరికి 3,000, అదే సంవత్సరం జూలైలో 4,000 అయినది. 2019లో అర్హత వయసు 65 నుండి 60కి తగ్గింది. 2024 జూలైలో దాదాపు 65 లక్షల మందికి ఈ పింఛన్లు అందాయి. పేద ఇంటిలో ముసలివారికి దీనివల్ల కలిగిన గౌరవం తక్కువేమీ కాదు. మందుల ఖర్చుకు కోడలిని అడగనక్కరలేని స్థితి ఎంత విలువైనదో అనుభవించేవారికే తెలుసు.

కాని పేర్లను గమనించండి. ఒక ప్రభుత్వం ‘భరోసా’ అన్నది, ఒక ప్రభుత్వం ‘కానుక’ అన్నది, పొరుగు తెలంగాణ ‘ఆసరా’, ‘చేయూత’ అన్నది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం మీద నాయకుని పేరు మారింది. ఈ పేర్లలో ఎక్కడా ‘హక్కు’ అనే మాట లేదు. ఖజానా నుండి వచ్చేదానికి ఒక వ్యక్తి పేరు పెట్టిన క్షణమే అది ఆ వ్యక్తి దయగా కనిపించటం మొదలవుతుంది.

పంపిణీ తీరు కూడా సంబంధాన్ని మారుస్తుంది. 2020 ఫిబ్రవరి నుండి వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి పింఛను ఇచ్చారు. నడవలేనివారికి అది గొప్ప సౌకర్యం. 2024 మార్చి చివర, ఎన్నికల నియమావళి అమలులో ఉండగా, వాలంటీర్లు నగదు పంచరాదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ ఎండలలో అనేకమంది వృద్ధులు సచివాలయాల వద్ద వేచి ఉండవలసి వచ్చింది. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాలలో జమచేయగా మరల బ్యాంకుల వద్ద వరుసలు కట్టారు. జూలై నుండి సచివాలయ సిబ్బంది ఇంటివద్ద ఇస్తున్నారు. ఇందులో ఏ పక్షాన్ని తప్పుపట్టటం మన ఉద్దేశం కాదు. తెచ్చి ఇచ్చే చేతిని తటస్థమైనదిగా నమ్మలేని పరిస్థితి ఏర్పడితే, దానికి మూల్యం చెల్లించేది ముసలివారేనని మాత్రం ఈ మూడు నెలల అనుభవం చెప్పింది.

చిలీ దేశపు పాఠం

ఈ ప్రయోగాలు మన ఒక్క దేశానికే పరిమితం కావు. 1889లో జర్మనీలో బిస్మార్క్ కార్మికులకు వృద్ధాప్య బీమా చట్టం తెచ్చినప్పుడు, కార్మికుడిని రాజ్యానికి విధేయుడిని చేయాలన్న ఉద్దేశం కూడా అందులో ఉన్నది. 1981లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో సైనిక ప్రభుత్వం పాత పింఛనును తీసివేసి, ప్రతి ఉద్యోగికీ సొంత ఖాతా పెట్టి, ప్రైవేటు సంస్థల చేతికి ఇచ్చింది. సైనికులు మాత్రం తమ పాత పద్ధతిని ఉంచుకొన్నారు. తక్కువ జీతాలు, మధ్యలో ఆగే ఉద్యోగాలు గలవారి ఖాతాలలో చాలినంత సొమ్ము చేరలేదు. 2008లో పేద వృద్ధులకు పన్నుల నుండి పింఛను ఇచ్చే ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2025లో యజమానుల వాటా కట్టించే చట్టం వచ్చింది. బజారుకు అప్పగించిన బాధ్యత కొంతకాలానికి మరల ప్రభుత్వం గుమ్మం ముందుకే వచ్చి నిలిచింది. ముసలితనం ఆగదు గనుక ఆ ప్రశ్న కూడా పోదు.

ఏమి అడగాలి?

పై చర్చను బట్టి, పాత పింఛను పూర్తిగా మంచిదని, కొత్తది పూర్తిగా చెడ్డదని తేల్చివేయలేము. ఉద్యోగికి నిశ్చింత కావాలి. ఆ నిశ్చింత ఉద్యోగం లేని పేదవాని కంచంలోనిది కాకూడదు. అయితే ఏ సంస్కరణ వచ్చినా దానిని మూడు ప్రశ్నలతో తూచి చూడవచ్చును.

మొదటి ప్రశ్న: ధరలు పెరిగితే, బజారు పడిపోతే, ఆయుష్షు పెరిగితే ఆ నష్టం ఎవరిది? బలహీనుని మీదనే మొత్తం భారం వేసే పథకాన్ని సంస్కరణ అనటం తగదు.

రెండవ ప్రశ్న: ఆగిపోతే ఎక్కడ అడగాలి? ఉద్యోగికి కోర్టు ఉన్నది, సంఘం ఉన్నది. పింఛను జాబితా నుండి పేరు తొలగిన వృద్ధురాలికి కారణం వ్రాతపూర్వకంగా చెప్పే పద్ధతి, గడువులోగా విచారించే అధికారి ఉండాలి. అడగటానికి చోటు లేని పింఛను ఎంత పెద్దదైనా దయగానే మిగులుతుంది.

మూడవ ప్రశ్న: పుచ్చుకునేవాడు కృతజ్ఞత చూపవలసి వస్తున్నదా? వస్తే, అది పౌరుని నుండి తీసుకొన్న మరొక పన్నే.

మన వంతుగా చేయవలసిన పనులూ ఉన్నాయి. సీపీఎస్‌లో ఉన్న సోదర సోదరీమణులు ఏటా తమ ఖాతా లెక్కను తెప్పించుకొని, తమ వాటాతోపాటు ప్రభుత్వ వాటా కూడా జమ అయినదో లేదో సరిచూసుకోవాలి. నామినీ పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. మసీదు కమిటీలు, చదువుకున్న యువకులు మొహల్లాలోని వృద్ధులకు, వితంతువులకు దరఖాస్తు వ్రాసిపెట్టటం, తిరస్కరిస్తే కారణం అడిగి తెలుసుకోవటం సేవగా భావించాలి. అట్లా చేసేటప్పుడు పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ వృద్ధులను వేరుగా చూడరాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఆ యూదు వృద్ధుణ్ణి వేరుగా చూడలేదు.

అమానతును దాని హక్కుదారుకు అప్పగించాలని పవిత్ర ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. మనిషి తన బలమున్న సంవత్సరాలను సమాజానికి ఇచ్చివేస్తాడు. పాఠం చెప్పి కొందరు, బండి నడిపి కొందరు, మగ్గం నేసి, బిడ్డలను పెంచి కొందరు. ఆ సంవత్సరాలు సమాజం వద్ద ఉన్న అమానతు. దానిని తిరిగి అప్పగించేటప్పుడు ఇచ్చే చేయి గర్వించకూడదు, పుచ్చుకునే చేయి వణకకూడదు. పింఛను సంస్కరణ ఈ రెండింటినీ సాధించినదా లేదా అన్నదే దానికి గీటురాయి.